వరాహగిరి వేంకటగిరి – 1969 నాటి రాష్ట్రపతి పీఠ వివాదం

పలాస స్టేషనులో ఉత్తరంగా పోయే రైలెక్కితే మందస, సోంపేట, ఇచ్ఛాపురం దాటిన కొద్దిసేపటికి బరంపురం వస్తుంది. ఈనాడది ఒడిశా రాష్ట్రంలోని పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు బరంపురమూ, మన టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. భారత గణతంత్రపు నాల్గవ రాష్ట్రపతి శ్రీ వరాహగిరి వేంకటగిరి 1894 ఆగస్టు 10న ఆ బరంపురంలోనే జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, తల్లి సుభద్రమ్మ. రాష్ట్రాల సరిహద్దు గీత మారినందువల్ల ఆయన పుట్టిన ఊరు ఒకవైపు, ఆయనకు ఓట్లువేసిన పల్లెలు మరొకవైపు అయినవి. అందువల్ల కాబోలు, ఆయనను మనవాడని చెప్పుకోవడంలో మనం ఉండవలసినంత చొరవ చూపలేదు.

ఖల్లికోట కళాశాలలో చదువు సాగించిన పిదప, 1913లో న్యాయశాస్త్రాభ్యాసానికై గిరి డబ్లిన్ నగరానికి వెళ్ళారు. ఇంగ్లండుకు గాక ఐర్లండుకు వెళ్ళడమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పినదనవచ్చు. అప్పుడా దేశం బ్రిటిషు పాలనపై తిరుగుబాటుకు సిద్ధమవుతున్నది. విశ్వవిద్యాలయ కళాశాలలో ఆయనకు ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనా 1916 ఈస్టరు తిరుగుబాటు నాయకులలో ఒకరై మరణశిక్షకు గురైనారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ భావాలు గిరి మనసుపై చెరగని ముద్ర వేసినవి. తిరుగుబాటు అణగిన వెంటనే అనుమానితుల జాబితాలో గిరి పేరు కూడా చేరినది. దేశం విడిచి వెళ్ళవలసిందని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బారిస్టరు పట్టాతో 1916లో స్వదేశం చేరారు.

కొద్ది సంవత్సరాలు వకీలు వృత్తి సాగించారు గాని, సహాయ నిరాకరణోద్యమం రాగానే దానిని విడిచిపెట్టారు. 1922లో కల్లు, సారా దుకాణాల ఎదుట పికెటింగు చేసి జైలుకు వెళ్ళారు. ఆపైన ఆయన కార్యక్షేత్రం రైల్వే కార్మికులు. మన పలాస మీదుగా పోయే మార్గం ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికులను సంఘటితపరచడంలోనూ, ఖరగ్‌పూర్ సమ్మెలోనూ, అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపనలోనూ గిరి ముఖ్యులు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండు పర్యాయాలు అధ్యక్షులైనారు. 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సదస్సుకూ, 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబులు సమావేశానికీ కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1937 ఎన్నికలలో జస్టిసు పార్టీ నాయకుడు, అప్పటికి మద్రాసు రాజధాని ప్రధానమంత్రి అయిన బొబ్బిలి రాజావారిని ఆయన సొంత బొబ్బిలిలోనే గిరి ఓడించారు. కార్మికుల పక్షాన నిలిచిన ఒక వకీలు సంస్థానాధీశునిపై గెలవడం ఉత్తరాంధ్రలో ఎన్నో ఏళ్ళు కథగా చెప్పుకొన్న సంగతి. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించి, 1939లో తక్కిన కాంగ్రెసు మంత్రులతోపాటు రాజీనామా చేశారు. క్విట్ ఇండియా కాలంలో మళ్ళీ చెరసాల. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మళ్ళీ మంత్రి. ఆపైన సింహళంలో భారత హైకమిషనరు.

1952లో మొదటి లోక్‌సభకు గిరి ఎన్నికైనది మన జిల్లాలోని పాతపట్నం నియోజకవర్గం నుండి. నౌపడా నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వైపు పోయే చిన్న రైలును ఎరిగిన పెద్దలకు ఆ ఊరి సంగతి చెప్పనక్కరలేదు. నెహ్రూ మంత్రివర్గంలో కార్మికమంత్రి అయినారు. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల విషయమై కార్మిక అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చినప్పుడు, తాను కార్మికమంత్రిగా ఉండి ఆ మార్పుకు తలయొగ్గలేనని 1954లో పదవి వదులుకొన్నారు. ఈ రాజీనామాను గుర్తుంచుకొనవలెను. పదిహేనేండ్ల తరువాత ఆయన చేసిన మరొక రాజీనామా దేశ రాజ్యాంగాన్నే పరీక్షకు పెట్టింది.

దానికి ముందు ఒక ఓటమి సంగతి చెప్పాలి. 1957లో గిరి పార్వతీపురం నియోజకవర్గంలో పోటీచేశారు. ఆ రోజులలో కొన్ని లోక్‌సభ స్థానాలకు ఒకే నియోజకవర్గం నుండి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు. వారిలో ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించబడినది, రెండవది సాధారణ స్థానం. అత్యధికంగా ఓట్లు వచ్చిన తెగ అభ్యర్థి ప్రత్యేక స్థానానికి ఎన్నికకాగా, తెగకే చెందిన మరొక అభ్యర్థి డిప్పల సూరిదొర గిరికంటె 565 ఓట్లు ఎక్కువ పొంది సాధారణ స్థానాన్ని గెలుచుకొన్నారు. ప్రత్యేక స్థానానికి నిలబడిన వ్యక్తి సాధారణ స్థానం పొందవచ్చునా అని వివాదం సుప్రీంకోర్టువరకు వెళ్ళింది. ప్రత్యేకించిన స్థానం ఉన్నంతమాత్రాన ఆ తెగలవారు పౌరులుగా తమకున్న సాధారణ హక్కు కోల్పోరని 1959లో న్యాయస్థానం అధిక సంఖ్యాక తీర్పు ఇచ్చింది. గిరి ఓడిపోయారు. కాని ఆ తీర్పువల్ల గిరిజన పౌరుని హక్కు స్థిరపడింది. ఈ జిల్లా పేరు న్యాయశాస్త్ర గ్రంథాలకెక్కింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దుచేసింది. తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పునుబట్టి ఒక మనిషిని జ్ఞాపకం పెట్టుకోవడం విడ్డూరమనిపించవచ్చును గాని, రాజ్యాంగ విద్యార్థికి అదేమీ కొత్త కాదు.

తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967 మే 13న ఉపరాష్ట్రపతి అయినారు. అదే రోజున రాష్ట్రపతి పదవి స్వీకరించినవారు హైదరాబాదులో జన్మించిన విద్యావేత్త డాక్టర్ జాకిర్ హుసేన్. జామియా మిల్లియాను కష్టకాలంలో కంటికి రెప్పవలె కాపాడిన ఆ మహనీయుడు 1969 మే 3న పదవిలో ఉండగానే ఆకస్మికంగా మరణించారు. పదవిలో మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే.

ఇక్కడనుండి రాజ్యాంగ ప్రశ్నలు ఒకదానివెంట ఒకటిగా వచ్చినవి. రాష్ట్రపతి స్థానం ఖాళీ అయితే ఉపరాష్ట్రపతి ఆ విధులు నిర్వహించవలెనని 65వ అధికరణం చెప్పుతుంది. ఆరు మాసాలలోగా కొత్త రాష్ట్రపతి ఎన్నిక జరగవలెనని 62వ అధికరణం. ఆ ప్రకారం గిరి ఆ రోజే తాత్కాలిక రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మరి ఆయన కూడ లేకపోతే? రాజ్యాంగంలో దీనికి నేరుగా సమాధానం లేదు. ఊహించని పరిస్థితులకు పార్లమెంటు తగిన ఏర్పాటు చేయవచ్చునని 70వ అధికరణం మాత్రమే చెప్పింది. ఆ అధికారంతో 1969 మే నెలలోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. రెండు పదవులూ ఖాళీ అయినట్లయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన కూడ లేకపోతే న్యాయమూర్తులలో లభ్యమైన సీనియరు రాష్ట్రపతి విధులు నిర్వహించవలెనని దాని సారాంశం. చట్టం వచ్చి రెండు మాసాలైనా కాకముందే దాని అవసరం వచ్చిపడింది.

జూలైలో బెంగుళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సమావేశమై, ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ అభిప్రాయానికి భిన్నంగా, లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించింది. బోర్డులో నలుగురు ఆయన పక్షం, ఇద్దరు జగ్జీవన్‌రామ్ పక్షం. గిరి తాను స్వతంత్ర అభ్యర్థిగా నిలబడుతున్నట్లు జూలై 13న ప్రకటించారు. ఉత్తరపు కొనన పుట్టిన తెలుగువాడొకరు, అనంతపురం జిల్లా తెలుగువాడొకరు, దేశపు అత్యున్నత పీఠానికై ఎదురెదురుగా నిలిచారు. ఆంధ్ర శాసనసభలో ఒక్కొక్క సభ్యుని ఓటు విలువ 125. వారికా వేసవి ఎంత ఇబ్బందిగా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకుల జాతీయీకరణకు ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసినవారు తాత్కాలిక రాష్ట్రపతి గిరి. మరునాడు, జూలై 20న, పదవికి రాజీనామా ఇచ్చారు. ఆర్డినెన్సు నైతికంగా ఎంతవరకు సబబు? మర్నాడు వెళ్ళిపోవడానికి నిశ్చయించుకొన్న వ్యక్తి, పార్లమెంటు సమావేశం కొద్ది గంటలలో ప్రారంభం కాబోతుండగా, ఇంత పెద్ద నిర్ణయానికి ముద్ర వేయవచ్చునా అని విమర్శకులు అడిగారు. నా దృష్టిలో ఆ విమర్శలో కొంత బలమున్నది. అయితే తాత్కాలిక రాష్ట్రపతికి పూర్తి రాష్ట్రపతికున్న అధికారాలన్నీ ఉంటవని 65వ అధికరణం స్పష్టంగా చెప్పుతుంది. పదవీకాలం ఎన్ని గంటలు మిగిలినదన్న దానితో అధికారాన్ని కొలవరాదు.

ఇంకొక చిక్కు మరింత విచిత్రమైనది. ఉపరాష్ట్రపతి తన రాజీనామాను రాష్ట్రపతికి వ్రాసి ఇవ్వవలెనని 67వ అధికరణం. రాష్ట్రపతి అయితే తన రాజీనామాను ఉపరాష్ట్రపతికి ఇవ్వవలెను. మరి ఇక్కడ ఉపరాష్ట్రపతియే రాష్ట్రపతి విధులు నిర్వహిస్తున్నారు. లేఖ వ్రాసేదెవరు, పుచ్చుకొనేదెవరు? లేఖ వ్యక్తికి కాదు, పదవికి పోతుందని సమాధానపరచుకోవలసినదే. రాజ్యాంగ నిర్మాతలు ఇన్ని వందల అధికరణాలు వ్రాసి కూడ ఈ చిన్న సందు గమనించలేదంటే, ఏ చట్టమూ సర్వజ్ఞత్వంతో పుట్టదని తెలుస్తుంది. ఇంకొక సంగతి: ఉపరాష్ట్రపతిగా ఉంటూనే రాష్ట్రపతి పదవికి పోటీచేయడానికి రాజ్యాంగం అడ్డురాదు. 58వ అధికరణపు వివరణలో ఉపరాష్ట్రపతి పదవిని లాభదాయక పదవిగా భావించరాదని ఉన్నది. కనుక రాజీనామా చట్టం విధించినది కాదు. తానే అభ్యర్థిగా ఉండి, తానే రాష్ట్రపతి భవనంలో కూర్చుండడం ఉచితం కాదని భావించి చేసినది.

ఆయన వెళ్ళిన నాటినుండి ప్రధాన న్యాయమూర్తి శ్రీ మహమ్మద్ హిదాయతుల్లా 35 దినములు రాష్ట్రపతి విధులు నిర్వహించారు. ఆయన స్థానంలో జస్టిస్ జె. సి. షా ప్రధాన న్యాయమూర్తిగా వ్యవహరించారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఆ నెలాఖరున ఢిల్లీకి వచ్చినప్పుడు ఆతిథ్యమిచ్చినది హిదాయతుల్లాగారే. బ్యాంకుల బిల్లు పార్లమెంటులో ఆమోదం పొంది ఆగస్టు 9న చట్టమైనప్పుడు అంగీకారముద్ర వేసినదీ ఆయనే. ఆ చట్టాన్ని సవాలుచేసిన దావా 11 మంది న్యాయమూర్తుల ముందుకు వచ్చినప్పుడు ఆ పీఠంలో ఆయన లేరు. న్యాయాధీశుడు పాలకుడైతే ఎదురయ్యే సంకటం ఇది. 1970 ఫిబ్రవరి 10న ఆ న్యాయస్థానమే ఆ చట్టాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం మళ్ళీ కొత్త చట్టం తెచ్చుకొన్నది.

ఎన్నిక ఆగస్టు 16న జరిగింది. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ పక్షాల నాయకులతో సంప్రదించడంతో, శ్రీమతి గాంధీ వర్గం సభ్యులు తమ అంతరాత్మననుసరించి ఓటు వేయవలెనని కోరింది. సంజీవరెడ్డి నామినేషను పత్రంపై సంతకం చేసిన ప్రధానమంత్రియే తరువాత ఆయనకు ఓటు వేయమని చెప్పలేదన్నది చరిత్రలో నిలిచిన వింత. స్వతంత్ర, జనసంఘ పక్షాలు బలపరచిన సి. డి. దేశముఖ్ మూడవ ముఖ్య అభ్యర్థి. మొత్తం 15 మంది పోటీలో ఉన్నారు. ఆ రోజులలో ఒక ప్రతిపాదకుడు, ఒక బలపరచువాడు ఉంటే చాలును. 1974లో దానిని పదిమంది చొప్పున పెంచారు.

ఈ ఎన్నిక లెక్క విద్యార్థులు స్వయంగా వేసి చూడదగినది. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపుకు కావలసినది సగానికి పైన ఒకటి, అనగా 4,18,169. మొదటి ప్రాధాన్యపు ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశముఖ్‌కు 1,12,769. ఎవరికీ కావలసిన సంఖ్య రాలేదు. కనుక అట్టడుగు అభ్యర్థులను ఒక్కొక్కరినే తొలగించి, వారి ఓట్లలోని రెండవ ప్రాధాన్యాలను తక్కినవారికి పంచారు. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఆ బదిలీలో గిరికి చేరినవి 18,562 మాత్రమే. సంజీవరెడ్డికి చేరినవి 91,879. రెండవ ప్రాధాన్యాల ప్రవాహమంతా రెడ్డిగారివైపే సాగింది. అయినా మొదట ఏర్పడిన దూరాన్ని పూడ్చలేకపోయినది. కావలసిన సంఖ్యకంటె గిరికి ఎక్కువ వచ్చినది 1,908. స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన రాష్ట్రపతి ఇంతవరకు ఆయన ఒక్కరే. రెండవ ప్రాధాన్యాలు లెక్కించవలసి వచ్చిన రాష్ట్రపతి ఎన్నికా అదొక్కటే. ఆగస్టు 24న ప్రమాణ స్వీకారం జరిగింది. సంవత్సరాంతానికి కాంగ్రెసు రెండుగా చీలింది.

వివాదం అక్కడితో సమసిపోలేదు. రాష్ట్రపతి ఎన్నికపై తగవు వస్తే విచారించేది సుప్రీంకోర్టు అని 71వ అధికరణం. గిరి ఎన్నిక చెల్లదని పిటీషనులు దాఖలైనవి. సంజీవరెడ్డిగారి శీలాన్ని దూషిస్తూ అచ్చువేసిన ఒక కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాలులోనూ, తపాలా ద్వారానూ సభ్యులకు పంచబడినదనీ, అది ఓటర్లపై అక్రమ ప్రభావమనీ ముఖ్యారోపణ. కరపత్రం అతి నీచమైనదనడంలో సందేహం లేదు. రాష్ట్రపతి న్యాయస్థానానికి రానక్కరలేకుండ కమిషను ద్వారా వాఙ్మూలం తీసుకొనే మార్గం ఉండగా, గిరి స్వయంగా వెళ్ళి సాక్ష్యమిచ్చారు. పదవిలో ఉన్న భారత రాష్ట్రపతి సుప్రీంకోర్టులో సాక్షిగా ప్రశ్నలకు జవాబు చెప్పడం అదే మొదలు. పాలకుడెంత పెద్దవాడైనా న్యాయపీఠం ఎదుట సామాన్యుడేనని పుస్తకాలలో చదువుతాము. ఆ వృద్ధుడు కార్యంలో చూపించారు. జస్టిస్ సిక్రీ అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తుల పీఠం 1970లో పిటీషనులను త్రోసివేసింది. కరపత్రానికి గిరి సమ్మతి ఉన్నదని రుజువు కాలేదు.

రాష్ట్రపతిగా గిరి పాత్రపై ప్రశంస ఎంత ఉన్నదో విమర్శా అంతే ఉన్నది. 1970 సెప్టెంబరులో సంస్థానాధీశుల గుర్తింపు రద్దుచేసే ఉత్తర్వుపై సంతకం చేశారు. డిసెంబరు 15న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ పీఠానికి అధ్యక్షులు హిదాయతుల్లాగారే. ఒకనాడు గిరి ఖాళీచేసిన కుర్చీలో కూర్చున్నవారే గిరి ఉత్తర్వును రద్దుచేశారు. మంత్రివర్గ సలహాపై లోక్‌సభను గడువుకు ముందే రద్దుచేయడమూ, 1973లో ముగ్గురు సీనియరు న్యాయమూర్తులను దాటి ప్రధాన న్యాయమూర్తిని నియమించడమూ ఆయన కాలంలోనివే. రాష్ట్రపతి మంత్రివర్గం చెప్పినట్లు నడవవలెనన్నది నిజమే. కాని 1954లో తన అభిప్రాయం కోసం మంత్రి పదవినే విడిచిన మనిషి నుండి దేశం మరికొంత ఎదురుచూసినది. 1974 మే నెలలో రైల్వే కార్మికుల మహా సమ్మెను ప్రభుత్వం అరెస్టులతో అణచివేసినప్పుడు, ఆ సమ్మెకు దిగిన సమాఖ్య ఒకనాడు తాను నిలబెట్టినదేనని రాష్ట్రపతి భవనంలోని పెద్దాయన తలచుకొనకపోలేదు. పలాసవంటి స్టేషన్లలో ఆ తరం ఉద్యోగులకు ఆ మే నెల అంత సులభంగా మరపునకు రాదు.

పదవి చివరి మాసాలలో గిరి చేసిన ఒక పని మాత్రం అధికార మార్పిడి విషయంలో శాశ్వతమైన మేలు చేసింది. 1974లో గుజరాత్ శాసనసభ రద్దయి ఉన్నది. ఆ రాష్ట్రపు శాసనసభ్యులు లేకుండ రాష్ట్రపతి ఎన్నిక జరపవచ్చునా, లేక కొత్త సభ ఏర్పడేవరకు ఆగి, అంతవరకు పాత రాష్ట్రపతియే కొనసాగవలెనా అని సందేహం వచ్చింది. 143వ అధికరణం క్రింద గిరి ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు సలహాకు పంపారు. పదవీకాలం ముగియకముందే ఎన్నిక పూర్తికావలసినదేననీ, ఒక శాసనసభ లేదన్న కారణం దానికి అడ్డుకాదనీ జూన్ నెలలో న్యాయస్థానం అభిప్రాయమిచ్చింది. ఆగి ఉండవలెనని సమాధానం వచ్చి ఉంటే గిరి ఇంకొంతకాలం పీఠంపై ఉండేవారు. ఏదో ఒక రాష్ట్రంలో సభను రద్దుచేసి రాష్ట్రపతి ఎన్నికను వాయిదావేసుకొనే దారి కూడ తెరుచుకొని ఉండేది. 1974 ఆగస్టు 24న శ్రీ ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు పదవి అప్పగించి, గడువు తీరిన దినాననే గిరి వెడలిపోయారు.

1975లో భారతరత్న బిరుదు లభించింది. 1976లో స్వీయచరిత్ర ప్రకటించారు. మద్రాసులో విశ్రాంత జీవితం గడిపి 1980 జూన్ మాసంలో అస్తమించారు. అప్పుడు దేశానికి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. 1977లో ఆయన పోటీ లేకుండ ఎన్నికైనారు. ఉపరాష్ట్రపతి మహమ్మద్ హిదాయతుల్లా.